సూది నిలబడేదాకా

పోయిన వారం భాగంలో, కార్మిక సంఘం కారు గేజక్క షెడ్డు ముందు దగ్గి ఆగిపోయింది. ఏసీ చచ్చింది. వెనక సీట్లో గేజక్క అన్న తడి దుప్పటి కప్పుకుని, కళ్లు మూసుకుని, నోటితో గాలి పీలుస్తున్నాడు. అక్కడ ఆగాం.

ఇప్పుడే చేరినవాళ్లకు నాలుగు ముక్కలు. పద్నాలుగు నెలల కిందట ఇనుము పోతపోసే ఫ్యాక్టరీలో కొలిమి పేలింది. ఏడుగురు పోయారు. ఎనిమిదోవాడు బతికాడు. బతికాడు అన్నది డాక్టర్ల మాట. మెడ నుంచి మోకాళ్ల దాకా కాలింది. పిక్కల నుంచి కొంత, నెత్తి మీద నుంచి కొంత తీసి అతికించిన చర్మం అతనిది. ఆ చర్మానికి చెమట పట్టదు. ఒంట్లో పుట్టిన వేడి ఒంట్లోనే ఉండిపోతుంది. పోయిన నెల ఆసుపత్రికి ఆటోలో తీసుకెళ్తే, ఇరవై నిమిషాల దారిలో, తడి దుప్పటి కప్పి ఉండగానే ఫిట్స్ వచ్చాయి.

ఈ రోజు సాయంత్రం నాలుగింటికి విచారణ అధికారి ముందు అతను నిలబడాలి. ఇదే ఆఖరి రోజు. రాకపోతే ఫైలు మూసేస్తామని కాగితం పంపారు. ఫోన్‌లో చెప్తానంటే కుదరదన్నారు. మీరే రండి సార్ అంటే నవ్వారు. ఆ గదిలో ఏసీ ఏనాడూ చెడిపోదు కాబట్టి వాళ్లకి నవ్వొస్తుంది. అద్దె కారు మాట్లాడుకుంటే పొద్దున్నే డ్రైవరు ఫోన్ చేసి పంచరైందన్నాడు. రెండోవాడూ పంచరే అన్నాడు. మూడోవాడూ అదే. ఫ్యాక్టరీ కాంట్రాక్టు మీద తిరిగే కార్లన్నిటికీ ఒకే పూట పంచరు. ఇక మిగిలింది పంతొమ్మిదేళ్ల ఈ సంఘం కారు.

పది దాటింది. దారి నాలుగు గంటలు. పదకొండున్నరకి కదిలితేనే అందుకుంటారు.

గేజక్కకి ఆ పేరు గేజుల వల్లే వచ్చింది. ఏసీ గొట్టాల్లో ఒత్తిడి చూపించే రెండు గుండ్రటి గేజులు, వాటికి వేలాడే ఎర్రగొట్టం, నీలంగొట్టం ఎప్పుడూ ఆమె మెడలోనే ఉంటాయి. అన్నని వెనక గదిలో కూలర్ ఎదురుగా కూర్చోబెట్టి వచ్చి, కారు నడిపి తెచ్చిన వదినతో కలిసి దాన్ని షెడ్డులోకి తోసి, బానెట్ లేపింది. టార్చిలైటు వేసి గ్రిల్లు వెనక తల దూర్చింది. గ్యాసు చల్లబడే జాలీలోకి వెళ్లే పైపు అతుకు దగ్గర నల్లగా నూనె మరక.

"దొరికింది. నూనె ఎక్కడ కారితే గ్యాసు అక్కడే పోయినట్టు. మిగిలింది వదిలేసి, అతుకు వెల్డింగ్ చేసి, లోపలి గాలంతా లాగేసి కొత్తది నింపాలి. గంటన్నర."

"గంటన్నరా!" వదిన నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. "అంత టైమెక్కడుంది అమ్మాయ్? పైపైన గ్యాసు కొట్టి పంపించెయ్."

"పైపైన కొడితే సగం దారిలో ఖాళీ అవుతుంది వదినా. అప్పుడు నడిరోడ్డు మీద మీ ఆయన్ని ఏ ఫ్రిజ్జులో పెడతావు?"

"నీ నోట్లోంచి ఒక్క మంచి మాట వచ్చిన రోజు వీధంతా చాటింపు వేయిస్తాను."

"ముందు ఐసు పట్రా. చాటింపు తర్వాత."

వదిన బకెట్ పట్టుకుని రోడ్డు దాటింది. గేజక్క నీలంగొట్టం తగిలించి మర తిప్పింది. మిగిలిన గ్యాసు బుస్సుమంటూ గొట్టం కొసలోంచి నేల మీదికి పోయింది. అలా వదలకూడదని ఆమెకి తెలుసు. పట్టి దాచే మిషన్ ఆమె దగ్గర లేదు, ఆ వీధిలో ఎవడి దగ్గరా లేదు. బుస్సు ఆగింది. వెల్డింగ్ టార్చి చేతిలోకి తీసుకుంది. ముందు బంపర్ దగ్గర గొంతుక్కూర్చుని లైటర్ మీద బొటనవేలు పెట్టింది.

"వెలిగించకు!"

అది అన్న గొంతేనని ఆమెకి క్షణం పాటు తెలియలేదు. పద్నాలుగు నెలలుగా ఆ గొంతులోంచి గొణుగుడు తప్ప ఏదీ రాలేదు. తల తిప్పి చూసింది. గది గుమ్మంలో నిలబడి ఉన్నాడు. దుప్పటి జారిపోయింది. ఛాతీ మీద అతుకుల చర్మం ఎర్రగా, మెరుస్తూ, కరిగి గట్టిపడిన కొవ్వొత్తిలా ఉంది.

"చెల్లీ, వెలిగించకే! గ్యాసు!"

"ఏసీ గ్యాసు అన్నా. అది అంటుకోదు. నువ్వెళ్లి కూర్చో."

"అది కాదు. వంటగ్యాసు. నీ కాళ్ల దగ్గరే ఉంది."

గేజక్క గట్టిగా ఊపిరి పీల్చింది. ఏమీ తెలియలేదు. ఇరవై రెండేళ్ల వెల్డింగ్ పొగ ఆ ముక్కుని ఎప్పుడో చంపేసింది. కూర మాడితే పక్కింటివాళ్లు కేకేసి చెప్పాలి.

"నాకేం రావట్లేదే."

"నా తోలు పోయింది గానీ ముక్కు పోలేదు. చెయ్యి తియ్యి!"

ఆమె వేలు లైటర్ మీద నుంచి లేచింది. మెల్లగా, గాజుగ్లాసు దింపినట్టు, లైటర్‌ని గుప్పిట్లో మూసుకుంది. అప్పుడు భయం వచ్చింది. వంటగ్యాసు గాలికన్నా బరువు. పైకి పోదు. నేలంటుకుని నీళ్లలా పాకుతుంది. ఆమె కూర్చున్నది దాని మధ్యలో.

"ఏ స్విచ్చూ ముట్టుకోకు అన్నా. కూలర్ అలాగే తిరగనీ. నువ్వు గదిలోకి పోయి తలుపేసుకో."

లైటరూ టార్చీ రోడ్డు మీదికి గిరాటేసింది. గేరు న్యూట్రల్ చేసి భుజం ఆనించి కారుని బయటికి తోసింది. ఐసు బకెట్‌తో వచ్చిన వదిన ఏమైందో అర్థంకాకపోయినా బకెట్ దింపి, కొంగు దోపి, తనూ ఓ చెయ్యి వేసింది. కారు ఎండలోకి వచ్చింది. గేజక్క గోనెపట్టా తీసుకుని షెడ్డు నేల మీది గాలిని బయటికి విసిరింది. విసిరి, విసిరి, రెక్కలు పడిపోయాక ఆగింది. పది నిమిషాలు పోయాయి.

"ఎవరు నింపారు?" అంది.

వదిన ఐసు బకెట్‌ని నీడలోకి జరిపింది.

"నిన్నే. ఈ కారులో వంటగ్యాసు నింపిన వెధవ ఎవడు?"

"వెధవ కాదు. నేనే."

"నువ్వా?"

"పోయిన వారం చల్లదనం తగ్గిపోయింది. మీ అన్నని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. పాత గొట్టం ఒకటి కావాలంటే ఇచ్చావుగా, దాంతో మా వంటింటి సిలిండర్ నుంచి పెట్టాను. రెండు రోజులు మంచు కురిసినట్టు వచ్చింది."

"ఆ గొట్టం మొక్కలకి నీళ్లు పెట్టుకోడానికన్నావు!"

"నిజం చెప్తే ఇచ్చేదానివా?"

"ఎవరు నేర్పారు నీకీ పని?"

వదిన ఆమె కళ్లలోకి చూసింది. "నువ్వే."

గేజక్క చేతిలోని గోనెపట్టా కింద పడేసింది.

"ఇదే షెడ్డులో, ఆ స్తంభం పక్కన కూర్చుని చూశాను. ఆటోవాళ్లకీ టాక్సీవాళ్లకీ పెట్టేదానివి. మంచి గ్యాసు ఎవడు కొనగలడు వదినా, ఇదీ చల్లగానే ఉంటుంది అనేదానివి. లేదను చూద్దాం."

"మానేశాను. నాలుగేళ్లయింది. ఓ టాక్సీ అంటుకుంది, డ్రైవరు దూకేశాడు కాబట్టి సరిపోయింది. ఆ రోజుతో మానేశాను."

"నాకు చెప్పావా?"

చెప్పలేదు. తప్పుడు పనులు నేర్పేటప్పుడు గొంతు పెద్దది. మానుకునేటప్పుడు ఎవరికీ వినబడదు.

"నన్ను అడగొచ్చుగా," అంది గేజక్క. గొంతు తగ్గింది.

"ప్రతిదానికీ ఆడపడుచు గుమ్మం ఎక్కడమేనా? ఈ ఒక్కటైనా నా చేత్తో చేసుకుందామనుకున్నాను. మగడిని వారం రోజులు బాంబు మీద కూర్చోబెట్టి తిప్పానని నాకేం తెలుసు?" వదిన గిరుక్కున తిరిగింది. బకెట్ ఎత్తుకుంది. "తిట్లు తర్వాత తిట్టు. కారు సంగతి చూడు."

చూసింది. ఎండలోనే చూసింది. సిలిండర్‌లోని నిప్పంటని నైట్రోజన్‌తో గొట్టాలన్నీ ఊది, ఆ కొస ఈ కొస కడిగినట్టు చేసి, అప్పుడు టార్చి ముట్టించింది. ముట్టించేముందు వదినని అన్న దగ్గరికి పంపి వాసన ఉందో లేదో అడిగి రమ్మంది. లేదన్నాడు. అతుకు వెల్డింగ్ చేసింది. మళ్లీ నైట్రోజన్ ఎక్కించి సబ్బునీళ్లు రాసింది. బుడగ రాలేదు. వాక్యూమ్ పంపు తగిలించి స్విచ్చి వేసింది. పంపు గుర్రుమంది. గొట్టాల్లోని గాలీ, చెమ్మా లాగేయడానికి దానికి అరగంట కావాలి. ఆ అరగంటని ఎవరూ తొందరపెట్టలేరు. చెమ్మ మిగిలితే లోపల ఐసై అడ్డంపడుతుంది, దారి మధ్యలో ఏసీ వేడి గాలి కక్కుతుంది.

టైము పది యాభై అయిదు.

లోపలికెళ్లి ఐసు గుడ్డ అన్న మెడ మీద వేసింది. వదిన బయట మంచినీళ్ల సీసాలు కారులో సర్దుతోంది.

"నీ ముక్కే లేకపోతే ఈ పాటికి షెడ్డు కప్పు ఎదురింట్లో ఉండేది," అంది గేజక్క. "నాకు ఇసుమంత తెలియలేదు. నీకెలా తెలిసింది అన్నా?"

"తెలియకపోవడమేంటే. కొలిమి పేలిన రోజూ ఇదే వాసనగా. గంట ముందు నుంచీ వస్తూనే ఉంది."

ఆమె చెయ్యి ఆగింది. "గంట ముందు నుంచా?"

అతను తల పక్కకి తిప్పుకున్నాడు.

"అన్నా. కాగితంలో అలా లేదు."

సంఘం సెక్రటరీ టైపు చేయించిన వాంగ్మూలం నాలుగు పేజీలు. గేజక్కే అతనికి రెండుసార్లు చదివి వినిపించింది. 'ముందుగా ఎటువంటి వాసనా, హెచ్చరికా లేకుండా' అని రెండో పేజీలో ఉంది. పైపు పాతదని, మార్చలేదని ఉంది.

"అది నేను రాసింది కాదు. నువ్వు చదివావు, నేను తల ఊపాను."

"ఎందుకు ఊపావు మరి?"

"మీ వదిన పక్కన కూర్చుని ఉంది కాబట్టి."

పంపు గుర్రుమంటూనే ఉంది. అతను ఐసు గుడ్డని తన చేత్తో నొక్కిపట్టుకుని నేల చూస్తూ మాట్లాడాడు.

"వాసన నేనే పట్టాను. మేస్త్రీకి చెప్పాను."

ఆ షిఫ్టు మేస్త్రీ ఎవరో ఊళ్లో అందరికీ తెలుసు. వదిన సొంత తమ్ముడు. పోయిన ఏడుగురిలో ఒకడు. సంఘం బోర్డు మీద ఏడు ఫొటోలుంటే నడిమధ్య ఫొటో అతనిదే.

"వాడు నన్ను నమ్మాడు. కాదనలేదు. వెంటనే మేనేజరుకి ఫోన్ కొట్టాడు. మిషన్ల మోతలో వినబడక స్పీకర్ పెట్టాడు. నేను ఇంత దూరంలో నిలబడ్డాను. సార్, గ్యాసు లీకవుతోంది, షిఫ్టు ఆపుతాను అన్నాడు. ఆపితే రేపటి నుంచి నీకు షిఫ్టే ఉండదు, పోత అయ్యాక చూసుకుందాం అన్నాడు ఆయన. వీడు ఫోన్ జేబులో పెట్టుకుని ఓ నిమిషం నిలబడ్డాడు. తర్వాత మా వైపు తిరిగి, కానివ్వండి అన్నాడు."

"ఇంకెవరు విన్నారు?"

"విన్నది ఇద్దరం. ఒకడు లేడు. అది నేను చెప్పకపోతే పైపు పాతదని రాసుకుని పైపుకి శిక్ష వేస్తారు. మేనేజరు ఇంటికెళ్లి భోంచేస్తాడు."

"మరి ఈ కాగితం?"

"నాలుగింటికి పక్కన పెట్టేస్తా. జరిగింది చెప్తా. లైటర్ మీద నీ వేలు చూశాక ఇంక మింగలేను."

గుమ్మం దగ్గర నీళ్ల సీసా కింద పడింది. దొర్లుకుంటూ వచ్చి గోడకి తగిలి ఆగింది.

వదిన ఎంతసేపటి నుంచి నిలబడి ఉందో తెలియదు. మొహంలో నెత్తురు లేదు.

"అయితే మా తమ్ముడే చంపాడంటావా?" అంది.

"మేనేజరు చంపాడంటాను. మీ తమ్ముడి నోటితో చంపాడంటాను."

"వాళ్లు ఆ మొదటి ముక్క వింటారా? రెండో ముక్క పట్టుకుంటారు. మీవాడే చెప్పాడు, మీ మేస్త్రీయే లోపలికి పంపాడు, కంపెనీకి సంబంధం లేదు అంటారు. రేపు పొద్దున మా అమ్మ గుమ్మంలో ఆరుగురి పెళ్లాలు నిలబడతారు. నీ కొడుకు మా వాళ్లని మింగాడని దుమ్మెత్తి పోస్తారు. ఏం చెప్తుంది ఆవిడ?"

"నాకు తెలియదే."

"తెలియదా? అంత తేలిగ్గా అనేస్తావా?"

"పద్నాలుగు నెలలు అనలేదు కదే. నీ పక్కన పడుకుని, నువ్వు వాడి చొక్కా పట్టుకుని ఏడుస్తుంటే, అనలేదు కదే."

వదిన గోడకి ఆనుకుంది. ఒక్క మాట అడిగింది.

"వాడూ వెళ్లాడా?"

"ముందు వాడే వెళ్లాడు. గబగబా కానిచ్చి వచ్చేద్దాం రండ్రా అని చెయ్యి ఊపాడు."

గేజక్క వదిన భుజం మీద చెయ్యి వేయబోయింది. వదిన ఆ చేతిని తీసేసింది. విసురుగా కాదు, ఈగని తోలినట్టు.

అరగంట అయింది. గేజక్క బయటికెళ్లి మర బిగించి పంపు ఆపింది. ఇప్పుడు గేజులో సూదిని చూడాలి. ఎక్కడైనా చిల్లి మిగిలి ఉంటే సూది మెల్లగా వెనక్కి వస్తుంది. బానెట్ మీద మోచేతులు కాలుతున్నా తీయకుండా చూసింది. అయిదు నిమిషాలు. అధికారుల్ని నమ్మలేదు, కాగితాల్ని నమ్మలేదు, ఇందాకటి నుంచి తన ముక్కునీ నమ్మడం లేదు. ఈ సూది ఒక్కటే అబద్ధమాడదని ఇరవై రెండేళ్లుగా నమ్మింది. ఎనిమిది నిమిషాలు. పది.

సూది కదల్లేదు.

గ్యాసు సీసాని తక్కెడలో పెట్టి, కొత్త గ్యాసు గ్రాములు చూసుకుంటూ నింపింది. ఇంజిన్ స్టార్ట్ చేసింది. కంప్రెసర్ టక్కుమని పట్టుకుంది. చేతికి తగిలే లావుపాటి గొట్టం చల్లబడింది, దాని మీద నీటి బిందువులు పుట్టి జారాయి. ఇనప గొట్టానికి పట్టే చెమట కూడా తన అన్నకి పట్టదు. గేజక్క బానెట్ దించి, మొహం పక్కకి తిప్పుకుని ముక్కు తుడుచుకుంది.

పదకొండు నలభై. పది నిమిషాలు ఆలస్యం.

లోపల చల్లబడ్డాక అన్నని దుప్పటి చుట్టి నాలుగు అడుగుల ఎండలో నడిపించి వెనక సీట్లో పడుకోబెట్టింది. వదిన వచ్చింది. మొహం కడుక్కుంది. డ్రైవర్ తలుపు మీద చెయ్యి వేసింది.

"నేను నడుపుతాను వదినా. నువ్వు పక్కన కూర్చో."

"వద్దు."

"ఇంత విన్నాక నువ్వెలా నడుపుతావు?"

"వెనక పడుకున్నవాడు నా మగడు. పోయినవాడు నా తమ్ముడు. మధ్యలో నువ్వెవరివి? షెడ్డు చూసుకో."

"వదినా, నాలుగింటికి..."

"టైము నాకు తెలుసు."

తలుపు పడింది. నాలుగు తలుపులూ ఒకేసారి లోపలి నుంచి లాక్ అయిన చప్పుడు వినబడింది. అద్దంలోంచి అన్న చెల్లెలి వైపు చూశాడు. ఏదో అన్నాడు. ఏసీ కోసం అద్దాలు బిగించి ఉన్నాయి, ఏమీ వినబడలేదు. కారు కదిలింది.

గేజక్క మెడలో గేజులతోనే రోడ్డు మధ్యకి వచ్చి నిలబడింది. వీధి చివర సిగ్నల్ ఉంది. కుడికి తిరిగితే పెద్ద రోడ్డు, నాలుగు గంటలు, విచారణ అధికారి గది. ఎడమకి తిరిగితే మూడో సందులో వదిన పుట్టిల్లు, లోపల కొడుకు ఫొటో కింద కూర్చున్న ముసలావిడ.

ఎర్రదీపం. కారు ఆగింది. వెనక లారీ ఒకటి, దాని వెనక రెండు బళ్లు ఆగాయి.

పచ్చదీపం పడింది.

లారీవాడు హారన్ కొట్టాడు. మళ్లీ కొట్టాడు. తల బయటపెట్టి తిట్టాడు. కారు కదల్లేదు. కుడివైపు ఇండికేటర్ వెలగలేదు. ఎడమవైపుదీ వెలగలేదు. అద్దాలు బిగించిన ఆ చల్లటి పెట్టెలో ఇద్దరూ ఏం మాట్లాడుకుంటున్నారో వీధిలో ఎవరికీ తెలియదు. గేజక్క పరిగెత్తడం మొదలుపెట్టింది. ఆమె సగం దూరం చేరేసరికి దీపం మళ్లీ ఎర్రబడింది. ఆ ఎర్రదీపంలోనే, ముందూ వెనకా చూడకుండా, కారు ఒక్కసారిగా ముందుకి దూకింది. కుడికి తిరిగిందో ఎడమకి తిరిగిందో, లారీ అడ్డంపడి గేజక్కకి కనబడలేదు.